బంతి దెబ్బ: లేచి నడిచినంత మాత్రాన గండం గడిచినట్టేనా?

ఆటలు ఆరోగ్యానికి మంచివని పెద్దలు చెబుతారు. అది నిజమే. సాయంత్రం అయిదు దాటితే మన వసతి గృహంలో పుస్తకం పట్టుకుని కూర్చునేవారు తక్కువ. క్రికెట్, కబడ్డీ, వాలీబాల్ ఏదో ఒకటి ఆడనిదే మనకు పొద్దుపోదు. సంక్రాంతి వస్తే నక్కపల్లి చుట్టుపక్కల ఊరూరా టోర్నమెంట్లే. స్కూల్ గేమ్స్ జాబితాలో బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ కూడా ఉన్నాయి కాబట్టి ఆ ఆటల పేర్లు కూడా మనకు కొత్త కాదు.

అయితే ఆటలో తగిలే దెబ్బల గురించి మనం మాట్లాడుకోవడం తక్కువ. మోకాలు దోక్కుపోతే మట్టి దులుపుకుని లేస్తాం. వేలు బెణికితే అమృతాంజనం రాసుకుంటాం. వాటితో పెద్ద నష్టం లేదు. కాని తలకు, మెడకు, గుండెకు, కంటికి తగిలే దెబ్బల సంగతి వేరు. ప్రపంచంలో పేరుమోసిన ఆటగాళ్లు కొందరు ఆ దెబ్బలతోనే ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ సంఘటనలను తిరగేస్తే మనకు ముఖ్యంగా ఒక విషయం తెలుస్తుంది. దెబ్బ తిన్నవారిలో కొందరు వెంటనే పడిపోలేదు. లేచారు, నడిచారు, ఏమీ కాలేదన్నారు. ఆ తరువాతే అసలు ప్రమాదం వచ్చింది. తమ్ముళ్లందరికీ ఈ విషయం చెప్పాలనే మేము ఈ వ్యాసం రాస్తున్నాం.

1920: బేస్‌బాల్ మైదానంలో జరిగిన మరణం

బేస్‌బాల్ మన క్రికెట్‌కు దూరపు చుట్టం లాంటిది. బంతి విసిరేవాడిని పిచ్చర్ అంటారు. అతను దాదాపు 18.4 మీటర్ల దూరం నుంచి విసురుతాడు. బంతి నేలను తాకకుండా నేరుగా బ్యాటర్ దగ్గరకు వస్తుంది. బంతి బరువు 142 నుంచి 149 గ్రాములు. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వస్తే, అది చేయి దాటిన క్షణం నుంచి బ్యాటర్‌ను చేరేవరకు పట్టే సమయం సెకనులో సుమారు 4 పదోవంతులు మాత్రమే. కన్ను చూసి, మెదడు ఆజ్ఞ ఇచ్చి, తల పక్కకు తప్పుకోవడం అంతా ఆ వ్యవధిలోనే జరగాలి.

1920 ఆగస్టు 16న న్యూయార్క్‌లోని పోలో గ్రౌండ్స్ మైదానంలో క్లీవ్‌లాండ్, న్యూయార్క్ యాంకీస్ జట్లు ఆడుతున్నాయి. క్లీవ్‌లాండ్ ఆటగాడు రే చాప్‌మన్ బ్యాటింగ్ చేస్తున్నాడు. వయసు 29. ఆ రోజుల్లో హెల్మెట్లు లేవు. మట్టి పట్టి నల్లబడిన బంతితోనే చాలాసేపు ఆడేవారు. పిచ్చర్ కార్ల్ మేస్ విసిరిన బంతి చాప్‌మన్ ఎడమ కణతకు తగిలింది. ఆ చప్పుడు విని బంతి బ్యాటుకు తగిలిందనుకుని, వెనక్కు దొర్లివచ్చిన బంతిని మేస్ అందుకుని ఫస్ట్ బేస్ వైపు విసిరాడని చెబుతారు.

చాప్‌మన్ కింద పడ్డాడు. తరువాత లేచాడు. తోటివారు పక్కన ఉండగా మైదానం దాటి విశ్రాంతి గది వైపు నడవసాగాడు. సెకండ్ బేస్ దగ్గరకు వచ్చేసరికి కాళ్లు తేలిపోయాయి. ఆసుపత్రిలో ఆ రాత్రే ఆపరేషన్ చేశారు కాని, మర్నాడు తెల్లవారుజామున ప్రాణం పోయింది. అమెరికా మేజర్ లీగ్ చరిత్రలో పిచ్చర్ బంతి తగిలి మరణించిన ఆటగాడు అతనొక్కడే.

ఆ మరణం తరువాత మాసిన బంతిని ఎప్పటికప్పుడు మార్చి తెల్లని బంతి ఇవ్వాలన్న పద్ధతి గట్టిపడింది. కాని హెల్మెట్ తప్పనిసరి అన్న నియమం మేజర్ లీగ్‌లో 1971లో గాని రాలేదు. అప్పుడు కూడా పాత ఆటగాళ్లకు మినహాయింపు ఇచ్చారు. అంటే ఒక మనిషి చనిపోయాక తలకు రక్షణ తప్పనిసరి కావడానికి అర్ధ శతాబ్దం పట్టిందన్నమాట.

1998: ఢాకాలో రమణ్ లాంబా

ఇక మన దేశపు ఆటగాడి సంగతి. భారత జట్టుకు ఆడిన రమణ్ లాంబా 1998 ఫిబ్రవరి 20న బంగ్లాదేశ్ రాజధాని ఢాకాలో ఒక క్లబ్ మ్యాచ్ ఆడుతున్నాడు. వయసు 38. స్పిన్నర్ బౌలింగ్ వేస్తుండగా లాంబాను బ్యాట్స్‌మన్‌కు అతి దగ్గరగా, ఫార్వర్డ్ షార్ట్‌లెగ్ స్థానంలో నిలబెట్టారు. హెల్మెట్ కావాలా అని కెప్టెన్ అడిగితే, ఓవర్లో మూడు బంతులే ఉన్నాయి కదా, అక్కర్లేదు అన్నాడని చెబుతారు.

బ్యాట్స్‌మన్ బలంగా కొట్టిన బంతి లాంబా తలకు తగిలింది. లాంబా లేచాడు. తానే నడిచి డ్రెస్సింగ్ రూముకు వెళ్లాడు. చూసినవారికి అది పెద్ద దెబ్బగా కనిపించలేదు. కొద్దిసేపటి తరువాత పరిస్థితి విషమించింది. ఆసుపత్రికి తీసుకెళ్లి ఆపరేషన్ చేసినా తెలివి రాలేదు. మూడు రోజుల తరువాత కన్నుమూశాడు.

న్యూయార్క్ సంఘటనకు, ఢాకా సంఘటనకు మధ్య 78 ఏళ్లు గడిచాయి. ఆట వేరు, దేశం వేరు. కాని చాప్‌మన్ నడిచాడు, లాంబా కూడా నడిచాడు. దీనికి కారణం ఏమిటో వైద్యశాస్త్రం చెబుతోంది.

లేచి నడిచినవాడు తరువాత ఎందుకు పడిపోతాడు?

మన పుర్రె అన్నిచోట్లా ఒకే మందంగా ఉండదు. కణత దగ్గర ఎముక పల్చగా ఉంటుంది. దాని లోపలి వైపున ఒక రక్తనాళం పోతుంది. కణతకు బలమైన దెబ్బ తగిలి ఎముక చిట్లితే ఆ నాళం తెగవచ్చు. అప్పుడు పుర్రెకూ, మెదడును కప్పి ఉన్న పొరకూ మధ్య రక్తం చేరుతుంది.

పుర్రె గట్టి డబ్బా లాంటిది. అది సాగదు. లోపల రక్తం గడ్డ కట్టి పెరుగుతున్న కొద్దీ మెదడు నలిగిపోతుంది. మొదట కొద్దిపాటి రక్తమే కాబట్టి మనిషి బాగానే కనిపిస్తాడు. మాట్లాడతాడు, నవ్వుతాడు, మంచినీళ్లు అడుగుతాడు. ఇది కొన్ని నిమిషాలు ఉండవచ్చు, కొన్ని గంటలు కూడా ఉండవచ్చు. ఆ తరువాత తలనొప్పి పెరుగుతుంది. వాంతులు అవుతాయి. మాట తడబడుతుంది. మత్తుగా ఉందని పడుకుంటాడు. పక్కవాళ్లు నిద్రపోతున్నాడనుకుంటారు. నిజానికి అతను స్పృహ తప్పుతూ ఉంటాడు.

ఈ రకం దెబ్బలో ఆశ కలిగించే సంగతి కూడా ఉంది. సి.టి. స్కాన్ తీసి, గడ్డ ఎక్కడుందో చూసి, సకాలంలో ఆపరేషన్ చేసి తీసేస్తే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. ఆలస్యమైతే అదే దెబ్బ ప్రాణం తీస్తుంది. కాబట్టి దెబ్బ ఎంత బలంగా తగిలింది అన్నదానితో పాటు, ఎంత త్వరగా గుర్తించాం అన్నది కూడా ప్రాణాన్ని నిర్ణయిస్తుంది.

లోపల రక్తం కారకపోయినా మెదడు అదిరిపోవడం అనేది ఒకటుంది. దీనిని కంకషన్ అంటారు. 2019 ఆగస్టులో లార్డ్స్ మైదానంలో జోఫ్రా ఆర్చర్ వేసిన బంతి ఆస్ట్రేలియా ఆటగాడు స్టీవ్ స్మిత్ మెడకు తగిలింది. డాక్టర్లు పరీక్షలు చేశారు. అన్నీ బాగున్నాయని తేలాక స్మిత్ మళ్లీ వచ్చి బ్యాటింగ్ చేశాడు, 92 పరుగులు చేశాడు. మర్నాడు ఉదయం లేచేసరికి తలనొప్పి, మగత. అతని బదులు లబుషేన్ ఆడాడు. ఆ నెల మొదటి తేదీ నుంచే అమలులోకి వచ్చిన కొత్త నియమం కింద టెస్టు క్రికెట్‌లో మరొకరి బదులు బ్యాటింగ్ చేసిన మొదటి ఆటగాడు లబుషేన్. పక్కనే డాక్టర్లున్న అంతర్జాతీయ ఆటగాడికే లక్షణాలు మర్నాటి వరకు బయటపడలేదు. అలాంటప్పుడు మన మైదానంలో అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, బాగానే ఉన్నావు కదా, ఆడు అనడం ఎంత పొరపాటో ఆలోచించండి.

మెడ దెబ్బ: హెల్మెట్ ఉన్నా చాలదు

1962 మార్చిలో వెస్టిండీస్ పర్యటనలో భారత కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ తలకు చార్లీ గ్రిఫిత్ వేసిన బంతి తగిలి పుర్రె చిట్లింది. అప్పటికి అతని వయసు 28. ఆపరేషన్లు చేయవలసి వచ్చింది. రక్తం ఇవ్వడానికి ముందుకు వచ్చినవారిలో ప్రత్యర్థి జట్టు కెప్టెన్ ఫ్రాంక్ వోరెల్ కూడా ఉన్నాడు. కాంట్రాక్టర్ బతికాడు కాని మళ్లీ టెస్టు మ్యాచ్ ఆడలేదు. దాని తరువాత చాలా ఏళ్లకు గాని హెల్మెట్లు వాడుకలోకి రాలేదు.

హెల్మెట్ వచ్చాక ఇక భయం లేదనుకున్నారు. 2014 నవంబర్ 25న సిడ్నీ క్రికెట్ మైదానంలో ఆస్ట్రేలియా ఆటగాడు ఫిలిప్ హ్యూస్ 63 పరుగులతో ఆడుతున్నాడు. షాన్ అబాట్ వేసిన బౌన్సర్‌ను కొట్టబోయి తప్పాడు. బంతి హెల్మెట్ అంచు కింద, మెడకు ఎడమవైపు తగిలింది. అక్కడ మెదడుకు రక్తం తీసుకెళ్లే ఒక ధమని ఉంటుంది. అది చిట్లి మెదడు చుట్టూ రక్తం చేరింది. రెండు రోజుల తరువాత, నవంబర్ 27న, 26వ పుట్టినరోజుకు మూడు రోజుల ముందు హ్యూస్ మరణించాడు.

బేస్‌బాల్‌లోనూ ఇలాంటిదే జరిగింది. 2007 జూలైలో అమెరికాలో మైక్ కూల్‌బా అనే కోచ్ ఫస్ట్ బేస్ పక్కన నిలబడి ఉండగా బ్యాటర్ కొట్టిన బంతి మెడకు తగిలి చనిపోయాడు. అతను ఆడటం లేదు, పక్కన నిలబడి ఉన్నాడు, అంతే. ఆ మరుసటి సంవత్సరం నుంచి మేజర్ లీగ్‌లో మైదానంలో నిలబడే బేస్ కోచ్‌లు కూడా హెల్మెట్ పెట్టుకోవాలని నియమం వచ్చింది. హ్యూస్ మరణం తరువాత హెల్మెట్ వెనుక మెడను కప్పే రక్షణ తయారయింది. 2023 అక్టోబర్ 1 నుంచి ఆస్ట్రేలియా తన పెద్ద పోటీలలో ఫాస్ట్ బౌలింగ్ ఎదుర్కొనేవారికి దానిని తప్పనిసరి చేసింది. అయినా 2025 అక్టోబర్‌లో మెల్‌బోర్న్‌లో ఒక 17 ఏళ్ల కుర్రవాడు నెట్ ప్రాక్టీసులో మెడకు బంతి తగిలి చనిపోయాడు. అతనికి హెల్మెట్ ఉంది, మెడ రక్షణ లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. చాప్‌మన్ విషయంలో మేస్‌ను గాని, హ్యూస్ విషయంలో అబాట్‌ను గాని చట్టం దోషిగా చూడలేదు. హ్యూస్ మరణంపై జరిగిన విచారణ 2016లో ఎవరి తప్పూ లేదని తేల్చింది. బంతి వేసినవాడు కూడా ఆ బాధను జీవితమంతా మోస్తాడు. మన మైదానంలో ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు దెబ్బ తిన్నవాడిని చూడాలి. ఎవరు వేశారు, ఎందుకు వేశారు అని గొడవ పెట్టుకుంటే ఆ సమయం వృథా అవుతుంది. పైగా గొడవకు భయపడి పిల్లలు దెబ్బ సంగతి దాచేస్తారు.

గుండెకు తగిలిన దెబ్బ

2015లో హైదరాబాద్‌లో క్రికెట్ బంతి ఛాతీకి తగిలి ఆరేళ్ల బాలుడు చనిపోయాడు. బంతి ఛాతీకి తగిలితే చనిపోతారా అని చాలామంది ఆశ్చర్యపోతారు.

గుండె ప్రతి కొట్టుకు ముందు, తరువాత ఒక విద్యుత్ క్రమం నడుస్తుంది. ఒక కొట్టు ముగిసి మళ్లీ సిద్ధమయ్యే ఘడియలో, సెకనులో నూరో వంతుకు కాస్త అటు ఇటు ఉండే చిన్న వ్యవధి ఒకటి ఉంటుంది. సరిగ్గా అప్పుడు గుండె మీదుగా గట్టి దెబ్బ తగిలితే ఆ క్రమం చెదిరిపోతుంది. గుండె కొట్టుకోవడం మాని వణకడం మొదలుపెడుతుంది. శరీరానికి రక్తం అందదు. మనిషి ఒకటి రెండు అడుగులు వేసి కుప్పకూలుతాడు. ఎముక విరగదు, గుండెకు గాయం కూడా కనిపించదు. డాక్టర్లు దీనిని కమోషియో కార్డిస్ అంటారు. ఇది ఎక్కువగా పిల్లల్లో, పదిహేనేళ్ల ప్రాయపు కుర్రవాళ్లలో కనిపిస్తుంది. వాళ్ల ఛాతీ గోడ పల్చగా, మెత్తగా ఉండడం ఒక కారణం. మన హాస్టల్లో ఉన్నది అచ్చంగా ఆ వయసువారే.

ఇది చాలా అరుదు. భయపడి ఆట మానేయవలసిన పనిలేదు. కాని అలా పడిపోయినవాడిని కాపాడే సమయం కొన్ని నిమిషాలే. చికిత్స లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం నూటికి 7 నుంచి 10 వంతుల చొప్పున తగ్గుతుంది. 2023 జనవరి 2న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు డమార్ హామ్లిన్ ఛాతీకి దెబ్బ తగిలి, లేచి నిలబడి, వెంటనే వెనక్కు పడిపోయాడు. మైదానంలోనే గుండె మీద నొక్కుతూ, విద్యుత్ షాక్ ఇచ్చి బతికించారు. అదే సంవత్సరం అతను మళ్లీ ఆడాడు.

మన కబడ్డీలోనూ ఇలాంటి విషాదాలు ఉన్నాయి. 2021 జనవరిలో కడప జిల్లాలో జరిగిన కబడ్డీ పోటీలో కూతకు వెళ్లిన ఒక యువకుడు మైదానంలోనే కుప్పకూలి చనిపోయాడు. ఆటలో కుప్పకూలినవాడిని చుట్టూ మూగి చూడడం కాక, వెంటనే ఏం చేయాలో తెలిసినవారు ప్రతి మైదానంలో ఉండాలి.

టెన్నిస్ బాల్ అయితే భయం లేదా?

మేము కార్క్ బాల్ ఆడం, టెన్నిస్ బాలే కదా అని తమ్ముళ్లు అనవచ్చు. ఒక చిన్న లెక్క చేద్దాం. కదిలే వస్తువు శక్తి దాని బరువును బట్టి, వేగం వర్గాన్ని బట్టి ఉంటుందని పదో తరగతి లోపే చదువుకున్నాం. సెకనుకు 20 మీటర్లు, అంటే గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వచ్చే 160 గ్రాముల క్రికెట్ బంతిలో 32 జౌళ్ల శక్తి ఉంటుంది. అదే వేగంతో వచ్చే 58 గ్రాముల టెన్నిస్ బంతిలో సుమారు 11.6 జౌళ్లు ఉంటుంది. పైగా టెన్నిస్ బంతి తగలగానే నొక్కుకుపోతుంది కాబట్టి దెబ్బ కొంత చెదిరిపోతుంది. కాబట్టి టెన్నిస్ బాల్ మేలే. కాని వేగం రెట్టింపయితే శక్తి నాలుగు రెట్లవుతుంది. దగ్గరగా నిలబడినవాడికి అది తక్కువేమీ కాదు. సాఫ్ట్‌బాల్ సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పేరులో మెత్తదనం ఉన్నా ఆ బంతి బరువు 178 నుంచి 198 గ్రాముల వరకు ఉంటుంది. క్రికెట్ బంతి కన్నా బరువు.

ముఖ్యంగా కంటికి టెన్నిస్ బాల్ కూడా ప్రమాదమే. మెత్తగా నొక్కుకునే బంతి కనుగుంటలోకి దూరి కంటి లోపల రక్తం చేరడానికి, వెనుక ఉన్న పొర ఊడడానికి కారణం కావచ్చు. 1967లో టోనీ కనిగ్లియారో అనే 22 ఏళ్ల బేస్‌బాల్ ఆటగాడికి బంతి చెంపకు, కంటికి తగిలింది. రెండేళ్లకు తిరిగి ఆడినా చూపు మునుపటిలా రాలేదు. ఆట జీవితం చిన్న వయసులోనే ముగిసింది.

వీరత్వమా, తెలివా?

భారత జట్టుకు మొదటి టెస్టు కెప్టెన్ మన తెలుగువాడు, కల్నల్ సి.కె. నాయుడు. 1932లో లార్డ్స్‌లో జరిగిన ఆ టెస్టులో క్యాచ్ పట్టబోయి చేతికి దెబ్బ తగిలినా బ్యాటింగ్ చేసి, మొదటి ఇన్నింగ్స్‌లో జట్టులో అందరికన్నా ఎక్కువగా 40 పరుగులు చేశారు. యాభై ఏళ్లు దాటిన వయసులో ఒక రంజీ మ్యాచ్‌లో దత్తు ఫడ్కర్ వేసిన బంతి నోటికి తగిలి రెండు పళ్లు ఊడితే, ఆ పళ్లను బ్యాటుతో పక్కకు నెట్టి ఆడడం కొనసాగించారని చెప్పుకుంటారు. 2002లో ఆంటిగ్వాలో దవడ విరిగిన అనిల్ కుంబ్లే తలకు కట్టు కట్టుకుని వచ్చి బ్రయాన్ లారాను అవుట్ చేయడం టీవీలో చూసినవారు ఇప్పటికీ మరచిపోలేదు.

ఇవి విని మన గుండె ఉప్పొంగుతుంది. ఉప్పొంగాలి కూడా. కాని ఒక తేడా గమనించాలి. చేయి, పన్ను, దవడ నొప్పిని ఓర్చుకోవచ్చు. దెబ్బ ఎక్కడ తగిలిందో, ఎంత తగిలిందో బయటికే తెలుస్తుంది. కుంబ్లేకు డాక్టర్లు చూసి కట్టు కట్టారు, ఆ వెంటనే ఆపరేషన్ కోసం ఇంటికి వెళ్లాడు. మెదడులో కారే రక్తం బయటికి కనిపించదు, ఓర్పుతో ఆగదు. పన్ను ఊడినవాడు లేచి ఆడితే ధైర్యం అంటారు. తలకు దెబ్బ తగిలినవాడు లేచి ఆడితే అది ధైర్యం కాదు, తెలియకపోవడం.

మన పిల్లలు దెబ్బను ఎందుకు దాస్తారు?

హాస్టల్లో చదివినవారందరికీ ఇది తెలుసు. దెబ్బ తగిలిందని వార్డెన్ గారికి చెబితే రేపటి నుంచి ఆట బందు చేస్తారని భయం. ఇంటికి కబురు వెళితే అమ్మా నాన్నా ఆ రోజు కూలి మానుకుని బస్సెక్కి వస్తారని బాధ. ఆసుపత్రి అంటే డబ్బు అని ఇంకో భయం. తోటివాళ్లు పిరికివాడంటారని సిగ్గు. ఇవన్నీ కలిసి కుర్రవాడు ఏమీ కాలేదని చెప్పి, అన్నం తినకుండా దుప్పటి కప్పుకుని పడుకుంటాడు. స్టడీ అవర్‌కు రాకపోతే బద్ధకమనుకుంటారు.

దూరం కూడా లెక్కలోకి తీసుకోవాలి. నక్కపల్లి ప్రభుత్వ ఆసుపత్రి దగ్గరే. కాని మెదడు ఆపరేషన్ చేసే డాక్టర్ల దగ్గరకు పంపవలసి వస్తే విశాఖ కె.జి.హెచ్. వరకు వెళ్లాలి. అది డెబ్భై కిలోమీటర్ల పైమాటే. జాతీయ రహదారి పక్కనే ఉన్నా గంటన్నర, రెండు గంటలు పడుతుంది. రాత్రి పదింటికి కనిపెట్టిన లక్షణానికీ, తెల్లవారి లేపినప్పుడు కనిపెట్టిన లక్షణానికీ మధ్య ఎనిమిది గంటలు పోతాయి. ఆ ఎనిమిది గంటలు మళ్లీ రావు. అందుకే మా విన్నపం ఏమిటంటే, తలకు దెబ్బ తగిలినవాడు చెప్పకపోయినా చూసినవాడు చెప్పాలి. అది చాడీ కాదు. పెద్దలు కూడా చెప్పినవాడిని కోప్పడకూడదు, ఆట బందు చేయకూడదు. చెబితే ఆట పోతుందని తెలిస్తే మరొకసారి ఎవరూ చెప్పరు.

దెబ్బ తగిలినప్పుడు చేయవలసినవి

1. తలకు దెబ్బ తగిలితే ఆ రోజు ఇక ఆడించకూడదు. బాగానే ఉన్నానన్నా సరే. తెలిసినవారికి చెప్పి డాక్టరుకు చూపించాలి.

2. తలనొప్పి పెరగడం, ఒకటికి మించి వాంతులు, మాట తడబడడం, అడిగిందే అడగడం, మగత, ఫిట్స్, ఒక కాలు చెయ్యి బలహీనం కావడం, ముక్కు నుంచి గాని చెవి నుంచి గాని రక్తమో నీరో కారడం, కళ్లలో నల్లగుడ్లు ఒకటి పెద్దది ఒకటి చిన్నది కావడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. 2005 ఆగస్టు 15న మొదలైన ఈ సేవకు డబ్బు కట్టనక్కరలేదు.

3. డాక్టర్ చూసి పంపిన తరువాత కూడా ఆ రాత్రి ఒంటరిగా వదలకూడదు. పక్క పరుపు స్నేహితుడు రెండు మూడు గంటలకోసారి లేపి, పేరు, ఊరు అడగాలి. లేవకపోయినా, పొంతన లేకుండా మాట్లాడినా వార్డెన్ గారిని లేపాలి.

4. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు, సోడా పోయకూడదు. ఊపిరి బాగా ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. మెడ నొప్పి, కాళ్లు చేతులు తిమ్మిరి అంటుంటే లేపి కూర్చోబెట్టకూడదు. తలను కదలకుండా పట్టుకుని అంబులెన్స్ వచ్చేవరకు ఆగాలి.

5. గాయంలో కాఫీ పొడి, పసుపు, మట్టి పెట్టకూడదు. శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టాలి. డాక్టర్ చెప్పకుండా నొప్పి మాత్రలు వేయకూడదు.

6. కుప్పకూలి, పిలిచినా పలకక, ఊపిరి ఆడకపోతే గాని ఎగశ్వాస మాత్రమే ఉంటే గాని ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఒకరు వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి పెట్టి, ఛాతీ నడిమి ఎముకపై సుమారు రెండు అంగుళాల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. అలసిపోతే ఇంకొకరు అందుకోవాలి. అంబులెన్స్ వచ్చేవరకు ఆపకూడదు.

7. కంటికి తగిలితే నలపకూడదు, కడగకూడదు. కంటిని నొక్కకుండా కాగితపు కప్పు లాంటిది అడ్డుపెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

8. పన్ను వేరుతో సహా ఊడితే పారేయకూడదు. వేరు ముట్టుకోకుండా, పైభాగం పట్టుకుని పాలలో వేసి గంటలోపు పళ్ల డాక్టరు దగ్గరకు వెళితే తిరిగి అతికే అవకాశం ఉంది.

దెబ్బ తగలకుండా చూసుకోవలసినవి

కార్క్ బాల్ ఆడితే బ్యాట్స్‌మన్, కీపర్ ఇద్దరూ హెల్మెట్ పెట్టుకోవాలి. రెండు హెల్మెట్లు కొనే స్తోమత లేనప్పుడు టెన్నిస్ బాలే ఆడాలి. అందులో నామోషీ లేదు. హెల్మెట్ లేకుండా బ్యాటుకు దగ్గరగా ఎవరినీ నిలబెట్టకూడదు, మూడు బంతులకైనా సరే. స్కోరు రాసేవారు, చూసేవారు బ్యాట్స్‌మన్‌కు పక్కగా, దగ్గరగా కూర్చోకూడదు. ఒకే మైదానంలో రెండు మ్యాచ్‌లు అడ్డదిడ్డంగా ఆడితే వెనుక నుంచి వచ్చే బంతి కనిపించదు. పొద్దు గుంకాక బంతి కనిపించనప్పుడు ఆపేయాలి. పిడి వదులైన బ్యాటు, చెమట చేతులతో పట్టిన బ్యాటు జారి ఎగిరిపోతుంది, దాని దెబ్బ బంతి దెబ్బ కన్నా పెద్దది. బంతి హైవే మీదకు పోతే దాని వెనుక పరుగెత్తకూడదు. కొత్త బంతి కొనుక్కోవచ్చు.

టోర్నమెంట్లు పెట్టే ఊరి పెద్దలు, యువజన సంఘాలు కప్పుకు, మైకుకు, భోజనాలకు చందాలు వసూలు చేస్తారు. దానిలో కొంత రెండు హెల్మెట్లకు, ప్రథమ చికిత్స పెట్టెకు కేటాయిస్తే ఎంతో మేలు. మన హాస్టల్లో కూడా ప్రతి సంవత్సరం మొదటి నెలలో ఒక రోజు ఛాతీ నొక్కడం ఎలాగో నేర్పించమని ఆసుపత్రి సిబ్బందిని కోరితే, పదో తరగతి పిల్లలు పదిమంది నేర్చుకున్నా చాలు.

బేస్‌బాల్‌లో గాని, క్రికెట్‌లో గాని నియమాలు ఎక్కువగా ఒక ప్రాణం పోయిన తరువాతనే మారాయి. మనకు ఆ అవసరం లేదు. వాళ్లు ప్రాణాలిచ్చి నేర్చుకున్నది మనం చదివి నేర్చుకోవచ్చు. మన హాస్టల్లో ఉన్న ప్రతి కుర్రవాడూ ఒక ఇంటి ఆశ. కొన్ని ఇళ్లలో చదువు అనే మాట ఆ ఒక్కడితోనే మొదలైంది. కాబట్టి తమ్ముళ్లారా, ఆడండి, గెలవండి, ఓడిపోతే మళ్లీ ఆడండి. దెబ్బ తగిలితే మాత్రం చెప్పండి. స్నేహితుడికి తగిలితే ఆ రాత్రి మేలుకుని అతని పక్కన కూర్చోండి.